నిలబడ్డ బండికి బ్రేకు

రామ్‌చందర్‌కు తమ్ముడి కారంటే ఎంత చులకనో తండాలో తెలియనివాళ్లు లేరు. ఎవరైనా మిగిలిపోయారేమోనని అతనే వెతుక్కుంటూ వెళ్లి చెప్పేవాడు. టేకులపల్లి సంతలో పాత పరిచయస్థుడు ఎదురుపడి, మీ జగదీష్ కారు కొన్నాడట కదా అని నోరు జారాడా, ఇక అతని సంత అక్కడితో ఆగిపోయినట్టే. అది కారు కాదు, క్లచ్చు తొక్కడం చేతగాని సార్ల కోసం చేసిన ఉయ్యాల అని మొదలయ్యేది. గేర్లు దానంతట అదే మార్చుకుంటుందట. మనిషి ఊరికే కూర్చుంటే చాలట. కొన్న కొత్తలో జగదీష్ మురిసిపోతూ "ఎడమకాలికి పనే లేదన్నా" అన్న మాటను రామ్‌చందర్ ఎన్ని చోట్ల ఎన్ని గొంతులతో అనుకరించాడో లెక్కలేదు. "ఎడమకాలికి పని లేకుంటే కోసి ఇంట్ల పెట్టి పోవాలె" అనేవాడు చివర్లో. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనివాళ్లను ఆ ఏడాదంతా గుర్తుపెట్టుకునేవాడు.

జగదీష్ సర్కారు బడిలో సైన్సు సారు. రామ్‌చందర్ ఏడో తరగతి సగంలో బడి మానేసి మిర్చి చేలోకి దిగినవాడు. చదువు మీద అతని అభిప్రాయం ఒకటే: అది మనిషిని కూర్చోబెడుతుంది. మొదట బల్ల మీద, తర్వాత కుర్చీలో, చివరికి ఎడమకాలికి పనిలేని కారులో. ఇంట్లో వాళ్ల మాట లంబాడీ. కానీ తమ్ముణ్ని తిట్టడానికి మాత్రం రామ్‌చందర్ తెలుగే వాడతాడు. పదిమందికీ అర్థం కాని తిట్టు తిట్టినా ఒకటే, తిట్టకపోయినా ఒకటే అని అతని లెక్క.

పోయిన చలికాలం జగదీష్‌ను చర్ల అవతల అడవిలో ఒక గూడెం బడికి బదిలీ చేశారు. ఆ దారిలో ఈ కారు పొట్ట రాళ్లకు తగులుతుంది. కొత్తగూడెంలో అతని భార్య కవిత నర్సు ఉద్యోగం చేసుకుంటూ ఉండే కిరాయి ఇంటి ముందు స్కూటీ పెట్టడానికే చోటు లేదు. అందుకని ఒక ఆదివారం జగదీష్ కారు తెచ్చి, అన్న ఇంటి పక్కనున్న సిమెంటు కల్లం నడిమధ్యన నిలబెట్టాడు. ఇక్కడైతే టైర్లకు మట్టి అంటదని సంబరపడ్డాడు. తాళంచెవి వదిన మంగ్లి చేతిలో పెట్టి, మిర్చి వేళకు వచ్చి తీసుకుపోతానని చెప్పి బస్సెక్కాడు. కల్లం ఉన్న జాగా పంపకాల్లో తమ్ముడి వాటాకు పోయింది కాబట్టి రామ్‌చందర్ వద్దనలేకపోయాడు. వారానికొకసారి స్టార్ట్ చేస్తుండన్నా, మరిచిపోకు అని తమ్ముడు చెప్పిన మాటను మాత్రం ఆ చెవిన విని ఈ చెవిన వదిలేశాడు. సారుగారి ఉయ్యాల ఊపడానికి తనేమన్నా ఆయానా?

మిర్చి వేళ వచ్చింది. కారు కదల్లేదు.

కోసిన కాయ చేలో నేల మీదే పరిచి ఉంది, సగం ఎండి. ఆ రోజు పొద్దున రామ్‌చందర్ లేచేసరికి గోదారి దిక్కున మబ్బు నల్లగా దిగి ఉంది. ఎండాకాలం మొదట్లో అడవి అంచుకు వచ్చే వానకు వేళాపాళా ఉండదు. వచ్చి ఉండేది కాసేపే అయినా మిర్చి రైతును ఏడిపించి పోతుంది. తడి తగిలిన కాయ రంగు పోయి తెల్లబారుతుంది. తాలు కాయ అంటారు. దాన్ని ఖమ్మం మార్కెట్లో ఎవడూ చేత్తో పట్టుకోడు, కాలితో పక్కకు తోస్తాడు. కాయ దక్కాలంటే వాన పడేలోగా ఎత్తుగా ఉన్న కల్లం మీద కుప్ప పోసి పరదా కప్పాలి. కల్లం మీద కారుంది. రామ్‌చందర్‌కున్న ఒకే ఒక్క మంచి పరదా ఆ కారు మీద ఉంది. మిర్చి ఉండాల్సిన చోటు, మిర్చి కప్పుకోవాల్సిన గుడ్డ, రెండూ ఉయ్యాలకే అమరాయి. తండాలో మిగతావాళ్ల కల్లాలు వాళ్ల కాయతో అప్పటికే నిండిపోయి ఉన్నాయి.

పరదా లాగి, లోపల కూర్చుని, తాళంచెవి తిప్పాడు. కారు ఉలకలేదు. డోరు తెరిస్తే వెలగాల్సిన బుడ్డి లైటు కూడా వెలగలేదు. హారన్ నొక్కితే ప్లాస్టిక్ కిర్రుమంది తప్ప కూత లేదు. బ్యాటరీ చచ్చిపోయింది.

రామ్‌చందర్‌కు నిజం చెప్పాలంటే సంతోషమేసింది. ఇన్నాళ్లూ తను అన్నది రుజువైంది. ఆ సంతోషం మళ్లీ మబ్బు వైపు చూసేదాకా నిలిచింది.

పక్కింటి భద్రును, వాళ్ల చేలో పనికి వచ్చినవాళ్లను పిలిచి తోయించాడు. కారు ముందుకూ పోలేదు, వెనక్కూ పోలేదు. గేరు రాడ్డు పట్టుకుని అటూ ఇటూ లాగితే రాడ్డు కదిలింది గాని బండి వదల్లేదు. టేకులపల్లిలో మెకానిక్ లాలుకు ఫోన్ చేశాడు. లాలు నోట్లో ఏదో నములుతూ, ఆ రకం బండ్లను గేరులోనే ఉంచి ఆపుతారని, లోపలికి కరెంటు వస్తే తప్ప ఆ గేరు ఊడదని చెప్పాడు. బ్యాటరీ విప్పుకుని తెస్తే ఇవాళ పెట్టి రేపు ఇస్తానన్నాడు. తనే వచ్చి చూడొచ్చు కదా అంటే పెళ్లి బండ్లున్నాయన్నాడు. రామ్‌చందర్ ఫోన్ పెట్టేసి, మొన్నటిదాకా సైకిల్ పంక్చర్లు వేసుకున్నవాడికి పెళ్లి బండ్లు వచ్చాయని గాలికి చెప్పాడు.

భద్రుకు ట్రాక్టర్ ఉంది. దాని బ్యాటరీ తెచ్చి వైర్లు తగిలిస్తే పని అయిపోయేది. కానీ ఆ ట్రాక్టర్ బ్యాటరీ ఎప్పుడో ఉడిగిపోయింది, భద్రు మళ్లీ వేయించలేదు. తండా మొదట్లో రోడ్డు దిగుడుగా ఉంటుంది. అక్కడ నిలబెట్టి, పొద్దున బ్రేకు వదిలి, దొర్లుతుండగా గేరు వేసి లేపుతాడు.

"మా బండికి దిగుడే సెల్ఫు," అన్నాడు భద్రు, తోసిన చేతులు దులుపుకుంటూ. "దీనికేం గావాల్నో సారునే అడగరాదు?"

రామ్‌చందర్ అడగదలుచుకోలేదు. అయినా భద్రు చూస్తున్నాడు కాబట్టి ఒకసారి నంబరు నొక్కాడు. అందుబాటులో లేరని వినపడింది. జగదీష్ ఉండే గూడెంలో సిగ్నల్ కావాలంటే గుట్టెక్కాలి. సారు వీలున్నప్పుడే గుట్టెక్కుతాడు. పోనీలే, పీడ పోయిందనుకుని ఇంట్లోకి వెళ్లి ఛార్జర్ తెచ్చాడు.

అడవి పందులు మక్క చేలో పడకుండా చుట్టూ తీగ కట్టి, దానికి ఝట్కా మిషన్ పెట్టుకుంటారు ఇటువైపు. పంది మూతి తగిలితే చురుక్కుమని పారిపోతుంది. మిషన్‌కు ఒక బ్యాటరీ, ఆ బ్యాటరీకి సోలార్ పలక. మబ్బు రోజుల్లో పలక పనిచేయదు గనక బ్యాటరీని ఇంటికి తెచ్చి కరెంటుతో నింపుకోవడానికి రామ్‌చందర్ దగ్గర పాత ఛార్జర్ ఒకటుంది. ఇనప డబ్బా, ముఖాన గాజు, గాజు వెనక సూది, రెండు మూరల వైర్లకు ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు. పందులను తరిమే సామానుతో సారుగారి కారును లేపడం అతనికి ఎంతో తగిన పనిగా తోచింది. ఆ మాట భద్రుతో అన్నాడు, కల్లం దగ్గరికి వచ్చిన ఆడవాళ్లతో అన్నాడు, మంగ్లితో రెండోసారి కూడా అన్నాడు.

బానెట్ ఎత్తాడు. బ్యాటరీ కొసల మీద తెల్లటి బూజులాంటి ఉప్పు పేరుకుని ఉంది. కత్తితో గీకి, వేడినీళ్ల గుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్దాడు. నీళ్లు పోద్దామంటే పైన మూతలు లేవు. ఇప్పటి బ్యాటరీలకు నోరు కూడా పెట్టరు, అన్నీ సార్లకు సరిపోయేటట్టే చేస్తున్నారనుకున్నాడు. ఎర్ర క్లిప్పు ప్లస్సుకు, నల్ల క్లిప్పు మైనస్‌కు పట్టించి, ఆ తర్వాతే ఇంట్లో స్విచ్చి వేయమని మంగ్లికి కేక వేశాడు. ఛార్జర్ గుర్రుమంది. సూది వణికి, పైకి లేచి నిలబడింది.

కాసేపటికి మంగ్లి కారు ముందు అద్దం దగ్గర నిలబడి చేతులు జోడించింది.

"దీపమెలిగింది," అంది మెల్లగా.

రామ్‌చందర్ వంగి చూశాడు. స్టీరింగ్ పక్కన బల్ల మీద అరచేతి ప్రమాణంలో సీతారాముల పటం ఒకటి అంటించి ఉంది. పర్ణశాలలో గుడి బయట దుకాణాల్లో దొరికే రకం. పటం అడుగున ఎర్రటి చిన్న బల్బు మినుకుమినుకుమంటూ వెలుగుతోంది. తాళంచెవి అతని జేబులో ఉంది. తాళం లేకుండా బల్బెలా వెలిగిందని దాని వైరు పట్టుకుని పోయాడు. వైరు బల్ల కిందికి దిగి, గోడ లాంటి రేకులోని కన్నం గుండా బానెట్‌లోకి వచ్చి, నేరుగా బ్యాటరీ కొసకు చుట్టుకుని ఉంది. తాళం తీసినా, బండి ఆపినా, మనిషి దిగి చర్ల పోయినా ఆ బల్బు ఆరదు. చలికాలమంతా పరదా కింద అది రాత్రీ పగలూ వెలిగి వెలిగి బ్యాటరీలోని చివరి చుక్క దాకా తాగేసింది.

హంతకుడు దొరికాడు. రామ్‌చందర్ నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఇలాంటివాడు పిల్లలకు సైన్సు చెబుతున్నాడని, ఆ పిల్లల గతి ఏం కావాలని, కరెంటు పాఠం వచ్చిన రోజు వీడు బడి ఎగ్గొట్టి ఉంటాడని, చేను దగ్గరి పందికి కూడా ఏ తీగలో కరెంటుందో తెలుసని చాలాసేపు మాట్లాడాడు. వినడానికి మంగ్లి తప్ప ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించలేదు.

"కారుకు పెట్టిన కరెంటు దేవుడు తింటున్నడు," అని పటకారు తీశాడు వైరు కొయ్యడానికి.

మంగ్లి అడ్డం వచ్చింది. "ముట్టకు. కవిత మొక్కి కట్టించింది. ఏం మొక్కో నీకు ఎరుకనా? తీసేదుంటే దానికి ఫోన్ చేసి అడుగు, అప్పుడు తియ్యి."

దేవుడి పేరుకు ఆగేవాడు కాదు రామ్‌చందర్. ఫోన్ అనే మాట వినగానే పటకారు జేబులో పడేశాడు. కవిత కొత్తగూడెంలో పుట్టి పెరిగింది. లంబాడీ అర్థమవుతుంది గాని అత్తగారింట్లో కూడా తెలుగే మాట్లాడుతుంది. పోయినేడు సంక్రాంతి దాటిన కొత్తలో ఆమే కారు నడుపుకుంటూ తండాకు వచ్చి, ఇదే కల్లం చుట్టూ ఒక చేత్తో తిప్పి చూపించింది. ఆడవాళ్లు చుట్టూ మూగి నవ్వుతుంటే రామ్‌చందర్ పని ఉన్నట్టు కొట్టం వెనక్కి వెళ్లిపోయాడు. ఆ మనిషికి ఫోన్ చేసి కారు సంగతి అడగడమా? బల్బు ఎంత తింటుంది, తినని, అనుకున్నాడు.

మంగ్లి కూలి ఆడవాళ్లను వెంటేసుకుని చేలోకి పోయింది. పరిచిన కాయను కుప్పలు చేసి బస్తాలకు ఎత్తుతున్నారు. ఎత్తిన బస్తాలు కల్లం అంచుల మీద, కారు చుట్టూ మిగిలిన బెత్తెడు జాగాలో ఒకదాని మీద ఒకటి చేరాయి. జాగా అయిపోయాక ఎత్తడం ఆగింది. వానకు తడిసే నేల మీద పెట్టే బస్తా చేలో ఉన్నదానికంటే ముందే పాడవుతుంది కాబట్టి, దూరపు చెలక అంచున ఉన్న కాయను అలాగే ఉంచి, కారు ఎప్పుడు కదులుతుందా అని కూర్చున్నారు. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది. రామ్‌చందర్ కరెంటాఫీసును తిట్టాడు. కరెంటు వచ్చింది. ఇంత ఆలస్యంగా వచ్చినందుకు మళ్లీ తిట్టాడు.

మధ్యాహ్నం దాటేసరికి గాజు వెనక సూది దిగిపోయింది. బ్యాటరీ నిండితే సూది దిగుతుందని ఝట్కా బ్యాటరీతో అతనికి అలవాటే. క్లిప్పులు తీసి, లోపల కూర్చుని, తాళం తిప్పాడు. జాతరలో దుకాణంలా లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి. హారన్ నొక్కితే కల్లం మీది కోళ్లు ఎగిరిపోయాయి. రామ్‌చందర్ మీసం తుడుచుకుని తాళాన్ని ఇంకా ముందుకు తిప్పాడు.

సెల్ఫు ఎత్తుకోలేదు. ఎక్కడో టీక్ టీక్ మని చిన్న కూత వచ్చింది, అంతే. రాడ్డు లాగితే మళ్లీ టీక్ టీక్. కింద చూశాడు. ఉన్నవి రెండే పెడళ్లు. క్లచ్చు ఉండాల్సిన చోట ఖాళీ. ఎడమకాలు ఆ ఖాళీలో ఊగుతోంది. కుడికాలు ఎక్సలేటర్ మీద పెట్టి మళ్లీ తిప్పాడు. టీక్ టీక్.

బ్యాటరీ ఇంకా నిండలేదని తేల్చాడు. దేవుడు తిన్నది పోను మిగిలింది సెల్ఫుకు చాలలేదు. లైట్లు వెలగడానికి కాస్తంత కరెంటు చాలు, సెల్ఫుకు చాలా కావాలి. ఆ మాట అబద్ధం కాదు. అబద్ధం కాని మాట చేతికి దొరికింది గనక దాన్నే పట్టుకున్నాడు. మళ్లీ క్లిప్పులు పట్టించాడు. సూది లేవనే లేదు, అడుగునే పడుకుంది. ఛార్జర్ పాతది, సూది ఇరుక్కుందని డబ్బాను అరచేత్తో చరిచాడు.

మంగ్లి చేలోంచి వచ్చి, చెంగుతో ముఖం తుడుచుకుంటూ, కవితకు ఫోన్ చేయరాదా అంది. ఆమె అడగడం అది మూడోసారో నాలుగోసారో.

"నిన్న గాక మొన్న స్టీరింగ్ పట్టినోళ్లను నేను అడగాల్నా?" అన్నాడు రామ్‌చందర్. "భద్రు బండిని దిగుడు లేని జాగాల గూడ లేపిన చెయ్యి ఇది. గేర్లే లేని బండికి ఏముంటది నేర్సుకునేది?"

మంగ్లి వెళ్లి కూలోళ్ల దగ్గర కూర్చుంది. అక్కడినుంచి మబ్బును చూసింది, కల్లాన్ని చూసింది, చెలక అంచున ఎర్రగా మిగిలిన కాయను చూసింది. రామ్‌చందర్ వైపు మాత్రం చూడలేదు. అతను ఛార్జర్ ముందు గొంతుక్కూర్చుని, నిండిన కుండలో నీళ్లు పోస్తున్నట్టు నిండిన బ్యాటరీకి కరెంటు పెడుతూనే ఉన్నాడు. మధ్య మధ్య లేచి తాళం తిప్పుతున్నాడు. కారు టీక్ టీక్ మంటోంది.

గాలి మారింది. తడి మట్టి వాసన ఎక్కడినుంచో ముందే వచ్చింది. గోదారి దిక్కున ఉరిమింది.

ఆ ఉరుముకు మంగ్లి లేచింది. తన ఫోన్ తీసి, నంబరు నొక్కి, బండి లేవడం లేదని లంబాడీలో గబగబా చెప్పి, వచ్చి కారు డోరులోంచి ఫోన్‌ను మొగుడి చెవికి ఆనించింది. పట్టుకోమని ఇవ్వలేదు, తనే పట్టుకుని నిలబడింది. తప్పించుకోవడానికి రామ్‌చందర్‌కు సందు లేకుండా పోయింది.

"బావా," అంది కవిత గొంతు. "కాలు బ్రేకు మీద పెట్టిండ్రా?"

"నిలబడ్డ బండికి బ్రేకేంది?" అన్నాడు రామ్‌చందర్.

నవ్వుతోందేమోనని చెవి రిక్కించాడు. నవ్వు వినపడలేదు.

"గట్లనే ఉంటది బావా ఈ బండికి. బ్రేకు తొక్కకుంటే సెల్ఫు తీసుకోదు. బ్రేకు గట్టిగ తొక్కి, రాడ్డు న్యూట్రల్‌ల పెట్టి, అప్పుడు తిప్పుండ్రి."

తొక్కాడు. రాడ్డు లాగాడు. ఈసారి అది టీక్ టీక్ మనలేదు. తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకు, సగం తిప్పుకు, కారు లేచి కూర్చుంది. అంత సులువుగా, అంత మెత్తగా లేచింది. బ్యాటరీ ఎప్పుడో నిండి ఉందని, మధ్యాహ్నమే నిండి ఉందని, ఆ ఇంజను చప్పుడు తండా మొత్తానికీ చెప్పినట్టయింది. అంత నీచమైన చప్పుడు రామ్‌చందర్ తన జన్మలో వినలేదు.

వెనక్కి తియ్యాలి. రాడ్డు వెనక గేరుకు లాగి ఎక్సలేటర్ మీద కాలు పెట్టాడు. కారు కదిలింది. కదిలిన మరుక్షణం, పొద్దుటినుంచి పనిలేకుండా ఉన్న ఎడమకాలు, ట్రాక్టర్ తోలిన ఇరవయ్యేళ్ల అలవాటు చొప్పున క్లచ్చు కోసం బలంగా దిగి, వెడల్పుగా ఉన్న బ్రేకును అదిమింది. కారు తోక నేలకు కొట్టినంత పని చేసి ఆగింది. రామ్‌చందర్ తల వెనక సీటుకు కొట్టుకుంది. మళ్లీ కదిలాడు. మళ్లీ ఎడమకాలు దిగింది. బస్తాలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భద్రు మాత్రం నోటికి ఏదీ అడ్డం పెట్టుకోలేదు.

"ఎడమకాలు కోసి ఇంట్ల పెట్టి రాకపోతివా రామ్‌చందరూ," అన్నాడు.

రామ్‌చందర్ ఎడమకాలును మడిచి సీటు కిందికి దోపి, దాని మీద చెయ్యి అదిమిపెట్టి, ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ కారును కల్లం మీంచి దింపి కొట్టం పక్క సందులోకి పోనిచ్చాడు. దిగేసరికి మొదటి చినుకు మెడ మీద పడింది.

ఆ తర్వాత ఎవరికీ నవ్వడానికి తీరిక లేదు. అంచుల మీది బస్తాలు కల్లం మధ్యకు లాగారు. దగ్గరి కుప్పలు గంపలతో మోశారు. పరదా పరిచి రాళ్లు పెట్టారు. వాన కల్లం మీద పడేసరికి చాలావరకు కాయ కప్పు కిందికి చేరింది. చెలక అంచున ఉన్నది చేరలేదు. ఎవరూ అటు పరిగెత్తలేదు కూడా, ఎందుకంటే అటునుంచే వాన వచ్చింది. మధ్యాహ్నం సూది దిగినప్పుడే ఎవరినో ఒకరిని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ కాయా మిగతాదాని పక్కనే ఉండేది.

మర్నాడు ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది. రామ్‌చందర్, మంగ్లి చెలక అంచున కూర్చుని తడిసిన కాయ ఏరుతున్నారు. ఎర్రది ఒక పక్క, తెల్లబారబోయేది ఒక పక్క. తెల్లబారేదే ఎక్కువ. తడిసిన మిర్చి ఎండు మిర్చికంటే మంట. మంగ్లి నిన్నటి గురించి ఏమన్నా అంటే తనేం అనాలో రామ్‌చందర్ పొద్దుటినుంచి సిద్ధం చేసుకుని ఉన్నాడు: లాలు వచ్చి ఉంటే అయ్యేది, కరెంటు పోకుంటే అయ్యేది, సారు వైరు అలా కట్టకుంటే అసలు ఈ బాధే లేదు. ఆ మాటలన్నీ నోట్లోనే నానిపోతున్నాయి.

ఫోన్ మోగింది. ఎర్రబడ్డ వేళ్లతోనే తీశాడు. కవిత.

కాయ దక్కిందా అని అడిగింది. చానా దక్కిందన్నాడు. జగదీష్ పొద్దున గుట్టెక్కి ఫోన్ చేశాడని చెప్పింది.

"బండి కల్లం మీదికెళ్లి తీసిండ్రని చెప్పిన. ఎట్ల తీసిండని అడిగిండు. బావనే స్టార్ట్ చేసి, బావనే తీసిండని చెప్పిన. బ్రేకు సంగతి చెప్పలే."

చెప్పి నవ్వి ఉంటే బాగుండేది. నవ్వినవాళ్లను ఏమనాలో రామ్‌చందర్‌కు తెలుసు. చెప్పకుండా దాచినవాళ్లను ఏమనాలో ఎన్నడూ అవసరం పడలేదు.

"బావా," అంది మళ్లీ. గొంతు కొంచెం మారింది. "దీపం ఎలుగుతున్నది గదా? ఆయన చర్లకు పోయిన్నాడే పర్ణశాలల కట్టించిన. ఇటు మళ్ల బదిలీ అయి వచ్చేదాక ఆరొద్దని. ఆ తొవ్వల ఆయన పొద్దుగూకినంక ఎవరి బండి మీదనో వస్తడు. వింటే నాకు నిద్ర రాదు. అందుకే వారానికొకసారి స్టార్ట్ చెయ్యమని మీకు చెప్పించిన. మీరు చేస్తనే ఉన్నరని నాకు ధీమా."

కారు సందులో నిలబడి ఉంది, చేలోంచి సగం కనపడుతోంది. వానకు అద్దం కడుక్కుపోయింది. అంత దూరం నుంచి బల్బు కనపడదు. కనపడకపోయినా రామ్‌చందర్ అటే చూశాడు. పరదా కింద అది ఏ రోజు ఆరిపోయిందో, ఎన్ని వారాలు చీకట్లో ఉందో అతనికి తెలియదు. ఆ వారాలన్నీ తమ్ముడు ఆ తొవ్వల్లో తిరుగుతూనే ఉన్నాడు.

"ఎలుగుతున్నది," అన్నాడు.

"నడుమ ఆరలేదు గదా?"

"ఆరలేదు. ఆరితే నేను ఊకుంటనా?"

మంగ్లి ఏరడం ఆపి, పెళ్లయిన తర్వాత మొదటిసారి చూస్తున్నట్టు మొగుడి ముఖంలోకి చూసింది. అతను ఫోన్ జేబులో పెట్టి, ఏంది చూస్తున్నవు, ఏరు, అని కసిరి, చేతులు మట్టికి రుద్దుకుని సందులోకి నడిచాడు.

కారులో కూర్చున్నాడు. పటం కింద ఎర్ర బల్బు వెలుగుతోంది. దీన్ని కొయ్యడానికి లేదు, స్విచ్చి పెట్టడానికి లేదు, ఆర్పడానికి లేదు. సారుకు బదిలీ అయ్యేదాకా దీనికి మేత వెయ్యాలి. సర్కారు బదిలీ ఎప్పుడు చేస్తుందో సర్కారుకే తెలియదు. నీ సైన్సు మన్నుగాను అని తమ్ముణ్ని లంబాడీలో తిట్టుకున్నాడు, ఎవరికీ వినపడకుండా. ఎడమకాలు సీటు కిందికి మడిచి, కుడికాలుతో బ్రేకు తొక్కి, తాళం తిప్పాడు. ఇంజను లేచింది. అలాగే కూర్చున్నాడు.

భద్రు ట్రాక్టర్ దగ్గరికి పోతూ సందు మొదట్లో ఆగాడు.

"ఏంది రామ్‌చందరూ, ఉయ్యాల ఊపుతున్నవా?"

రామ్‌చందర్ అద్దం దించి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. దిగుడు లేకపోతే బండి లేపలేని మనిషి. బ్యాటరీ మొహం ఎరగని మనిషి.

"స్టార్ట్ చెయ్యకుంటే బ్యాటరీ డౌన్ అయితది," అన్నాడు. "నిలబడ్డ బండికి బ్రేకు తొక్కాలె. గది గూడ ఎరుక లేదు, ట్రాక్టర్ పెట్టుకున్నడు."